"అన్నం తిన్నావా?" - కాంటనీస్ వాళ్ళ తిండి మాటలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. పెన్షన్ ప్రభుత్వం వేసే భిక్ష కాదు, చేసిన సేవకు మనకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు తేల్చిన సంగతి మనందరికీ కంఠతా వచ్చు. నాకు కార్యదర్శి గారు అప్పజెప్పిన పని వేరు. "మీరు హాంకాంగ్‌లో మీ అబ్బాయి దగ్గర రెండు దఫాలు ఉండి వచ్చారు గదా, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. ఎత్తయిన మేడలు, సముద్రం కింద నడిచే రైళ్ళు మీరు టీవీలో చూస్తూనే ఉన్నారు. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అక్కడివాళ్ళ నోటి మాటలు, అందులోనూ తిండి చుట్టూ అల్లుకున్న మాటలు కొన్ని పోగుచేసుకుని తెచ్చాను. అవి మీ ముందు పెడతాను. ఇవి వింటే చివర్లో నేను చేయబోయే ఒక ప్రతిపాదన మీకు తేలిగ్గా అర్థమవుతుందని నా ఆశ.

హాంకాంగ్‌లో మాట్లాడేది కాంటనీస్. చైనా దక్షిణ కొసన ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, హాంకాంగ్, మకావ్, ఇవీ ఆ భాషకు పుట్టిళ్ళు. గ్వాంగ్‌జౌ నగరానికి పూర్వం ఇంగ్లీషువాళ్ళు వాడిన పేరు కాంటన్, దాన్నిబట్టి భాషకు ఆ పేరు వచ్చింది. బీజింగ్‌వాళ్ళు మాట్లాడే మాండరిన్‌కూ దీనికీ చెవికి పోలికే లేదు. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. పైగా ఇందులో ఆరు స్వరాలున్నాయి. "టోంగ్" అని గొంతు పైకెత్తి పలికితే చారు, దించి పలికితే పంచదార. అందుచేత నేను తెలుగు అక్షరాల్లో చెప్పే మాటలన్నీ సగం మాటలేనని మనవి చేస్తున్నాను. అక్కడివాళ్ళ ముందు పలికితే నవ్వుతారు. నన్ను చూసీ నవ్వారు.

నాకీ మాటలు నేర్పినది మా అబ్బాయి ఉండే అంతస్తులో ఎదురు వాటా పెద్దాయన. నాకంటె నాలుగేళ్ళు పెద్ద. హాంకాంగ్ ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి గుమాస్తాల మీద పెద్ద గుమాస్తాగా దిగిపోయాడు. ఆ ఊరు 1997 దాకా ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. 1974 వరకు అక్కడ ఇంగ్లీషొక్కటే అధికార భాష. కాబట్టి ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు ఒకే బడిలో చదువుకున్నట్టుండేవి. ఇద్దరిదీ ఫైళ్ళ ఇంగ్లీషు. "తమరి నిన్నటి ప్రశ్నకు సంబంధించి" అని మొదలుపెట్టి ఆయన చెబుతుంటే మా మనవడు పడీపడీ నవ్వేవాడు.

ఆయన నాకు నేర్పిన మొదటి మాట "సిక్ చో ఫాన్ మేయ్ ఆ?" అనేది. సిక్ అంటే తినడం, ఫాన్ అంటే అన్నం. "అన్నం తిన్నావా, ఇంకా లేదా?" అని. లిఫ్టులో కనిపించినా, కూరగాయల దగ్గర కనిపించినా పాతకాలంవాళ్ళు పలకరించే తీరు ఇదే. తిన్నా తినకపోయినా "తిన్నాను" అనడం మర్యాద. మన పల్లెల్లో "భోజనాలయ్యాయా?" అని అడిగితే "ఆఁ, అయ్యాయండీ" అనడం లేదూ, అలాగే. అవతలివాడు నిజంగా మన పొట్ట సంగతి ఆరా తీయడం లేదు. నువ్వు బాగున్నావు గదా, ఇంట్లో పొయ్యి వెలిగింది గదా అని అడుగుతున్నాడు. కరువులు, యుద్ధాలు చూసిన జాతికి క్షేమసమాచారం అంటే అదే మరి. మూడేళ్ళ ఎనిమిది నెలలపాటు, 1941 డిసెంబరు నుంచి 1945 ఆగస్టు దాకా, జపానువాళ్ళ ఆక్రమణలో ఆ ఊరు బియ్యపు గింజకు మొహం వాచిపోయింది. ఆ రోజుల్లో తల్లి ఏమి తిని బతికిందో ఆయన ఒకరోజు చెప్పాడు గాని, భోజనాల వేళకు ముందు ఇక్కడ చెప్పను.

అన్నం అంటే గుర్తొచ్చింది. పొలంలో ఉంటే వరి, నూర్చితే ధాన్యం, దంచితే బియ్యం, వండితే అన్నం. ఇంగ్లీషువాడికి నాలుగూ ఒకటే. కాంటనీస్‌వాడికి మాత్రం మనలాగే నాలుగూ నాలుగు: వో, కుక్, మయ్, ఫాన్. జావగా కాస్తే జుక్. వరి పండించి వరి తినే జాతులకు ఈ లెక్క తప్పదనుకుంటాను. అన్నంలోకి నంజుకునే కూర, పులుసు, వేపుడు, చేప అన్నిటినీ కలిపి "సుంగ్" అంటారు. దీనికి ఈనాటి తెలుగులో మాట వెతుక్కోవాలిగాని, మా అమ్మ నోట ఉండేది, "ఆదరువు" అని. "అన్నంలోకి ఆదరువేమిటే?" అనేది. అన్నం అసలు, తక్కినదంతా దానికి ఆసరా. బజారుకు వెళ్ళడాన్ని కూడా వాళ్ళు "సుంగ్ కొనడం" అంటారు. బియ్యం ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సిందే, రోజూ కొనాల్సింది ఆదరువే అన్నమాట.

బల్ల దగ్గర కూర్చున్నాక వాళ్ళ పద్ధతి ఒకటి నాకు చాలా నచ్చింది. పిల్లలు చాప్‌స్టిక్స్ పట్టుకునే ముందు వరసపెట్టి పెద్దవాళ్ళందరినీ పిలవాలి. "తాతయ్యా, అన్నం తిను, నాన్నమ్మా, అన్నం తిను, నాన్నా, అన్నం తిను, అమ్మా, అన్నం తిను." పదిమంది పెద్దలుంటే పది పిలుపులు. ఎవరినీ వదిలిపెట్టడానికి వీల్లేదు. ముందు పెద్దవాళ్ళు ముట్టాలి, తరువాత పిల్లలు. ముందుగా తినడం ముగించి లేచేవాడు ఊరికే లేవకూడదు, "మీరు నెమ్మదిగా తినండి" అని చెప్పి లేవాలి. మా మనవడు తన స్నేహితుడి ఇంట్లో ఇది చూసి వచ్చాడు. మా అబ్బాయి ఇంట్లో నేను వెళ్ళిన కొత్తలో ఎవరి వేళకు వాళ్ళు, ఎవరి పళ్ళెం వాళ్ళు, ఎవరి ఫోను వాళ్ళు. కోడలు పిల్లను తప్పుపట్టను, ఇద్దరూ ఉద్యోగాలే, రాత్రి ఎనిమిదింటికి గాని ఇల్లు చేరరు. ఒక రాత్రి నేను ఒక్కణ్ణే కూర్చుని కలుపుకుంటుంటే మనవడు వచ్చి ఎదురుగా నిలబడి "తాతా, సిక్ ఫాన్" అన్నాడు. తెలుగు సరిగా రాని పిల్లాడు, రెండు భాషలు అతికించి ఆ మాట అన్నాడు. అన్నాక తానూ ఒక పళ్ళెం తెచ్చుకున్నాడు. మా ఇంట్లో ఆ మాట అడిగే మనిషి పోయి అప్పటికి నాలుగేళ్ళు.

పిల్లలకు చెప్పే భయాలు కూడా మనవాటికి అన్నదమ్ములే. గిన్నెలో మెతుకులు మిగిలిస్తే, మిగిల్చినన్ని మచ్చలు మొహం మీద ఉన్న పెళ్ళామో మొగుడో వస్తారట. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది పోయినవాళ్ళకు అగరొత్తులు వెలిగించినట్టుంటుంది. పళ్ళెంలో చేపను ఒకవైపు తిన్నాక తిరగేయకూడదు, పడవ తిరగబడుతుందని. చేపలు పట్టి బతికిన ఊళ్ళు గదా. వెన్నెముక పైకి లాగేసి కింది భాగం తింటారు.

ఇంకొక మాట చారు. మన మిరియాల చారు అనుకునేరు, కాదు. దుంపలు, గింజలు, ఎండు ఖర్జూరాలు, మాంసమో చేపో వేసి సన్నని సెగ మీద రెండు మూడు గంటలు కాచేది. ఏ కాలానికి ఏ చారు కాయాలి, దగ్గుకి ఏది, ఒంటి వేడికి ఏది, పరీక్షలు రాసే పిల్లకు ఏది అన్నది తల్లుల శాస్త్రం. పెళ్ళయి వేరే వెళ్ళిన కొడుక్కి తల్లి ఫోను చేసి "నిన్ను చూడాలని ఉంది" అనదు. ఆ భాషలో అలాంటి మాటలు నోటివెంట అంత సులువుగా రావు. "చారు కాశాను, వచ్చి తాగిపో" అంటుంది. కొడుక్కి అర్థమవుతుంది. మన అమ్మలు మాత్రం ఏం చేశారు? "కొత్తావకాయ పెట్టాను, ఎప్పుడొస్తున్నావు?" అని కార్డు ముక్క రాసేవాళ్ళు. దాని అర్థం ఆవకాయ కాదని ఇక్కడున్న అందరికీ తెలుసు.

వాళ్ళు నోట పలకని మాటలు కొన్ని ఉన్నాయి. ఇది వింటే మీకు సరదాగా ఉంటుంది. మనం "బియ్యం అయిపోయాయి" అనం, "నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. వెళతాననం, వెళ్ళొస్తానంటాం. ఈ విద్యలో వాళ్ళు మనకు గురువులు. పంది కార్జానికి వాళ్ళ మాట "ఎండిపోవడం" అనే మాటలాగే వినిపిస్తుంది. జేబు ఎండిపోతుందని దాని పేరు మార్చి "చెమ్మ" అన్నారు. నాలుకకు ఉన్న మాట "నష్టం"లా ధ్వనిస్తుందని దానికి "లాభం" అనే ధ్వని వచ్చే పేరు పెట్టారు. మన బీరకాయకు వాళ్ళ పేరులో "ఓడిపోవడం" వినిపిస్తుందట, అందుకని బజారులో దాన్ని "గెలుపుకాయ" అని అమ్ముతారు. కాకరకాయను చేదుకాయ అనకుండా "చల్లకాయ" అంటారు. ఖాళీ ఇల్లు అద్దెకు అని బోర్డు పెట్టరు, ఖాళీ అన్న మాటలో కీడు వినబడుతుంది కనుక "శుభగృహం అద్దెకు" అని పెడతారు. అసలు చాప్‌స్టిక్స్‌కి ఉన్న పాత పేరే "ఆగిపోవడం" అన్న మాటలా ఉందని పడవవాళ్ళు దాన్ని "త్వరత్వరగా" అని మార్చేశారని చెబుతారు. ఈ ఆచారాన్ని మూఢత్వం అని కొట్టిపారేసే మిత్రులు మన సంఘంలో ఉన్నారు. కొట్టిపారేయండి, కాని ఇంటికి వెళ్ళాక "బియ్యం అయిపోయాయి" అని అనగలరేమో చూసుకోండి.

ఇప్పుడు మన సొంత వ్యవహారానికి వస్తాను. ఉద్యోగం, జీతం, పెన్షన్ మాటలన్నీ వాళ్ళు తిండి మాటలతోనే చెబుతారు. బతుకుతెరువు చూసుకోవడాన్ని "వన్ సిక్" అంటారు, అంటే తిండి వెతుక్కోవడం. కోటి విద్యలూ కూటి కొరకే అని మనవాళ్ళు అననే అన్నారు. ఉద్యోగం అంటే "అన్నం గిన్నె". సర్కారు ఉద్యోగమైతే ఇనప గిన్నె, కిందపడ్డా పగలదు. ఉద్యోగంలోంచి తీసేస్తే "వాణ్ణి స్క్విడ్ వేయించారు" అంటారు. స్క్విడ్ అనేది సముద్రంలో దొరికే ఒక మెత్తటి జీవి, బూరె మూకుడులో వేయగానే చాపలా చుట్టుకుపోతుంది. పూర్వం పనివాళ్ళు యజమాని ఇంట్లోనే పడుకునేవారు. పొమ్మంటే పక్క చుట్టుకుని పోవడమే. పక్క చుట్టు, స్క్విడ్ చుట్టు, అలా వచ్చింది ఆ మాట. ఇక వేరేవాడి తప్పును నెత్తిన వేసుకోవలసి వస్తే "చచ్చిన పిల్లిని తిన్నాడు" అంటారు. ఇది వినగానే మా పెద్దాయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చాలాసేపు నవ్వాం. నేను పనిచేసిన ఒక ఆఫీసులో, పేరు అనవసరం, పైవారి బల్ల మీంచి మాయమైన ఒక ఫైలుకు సంజాయిషీ మెమో నా పేర వచ్చింది. ఆర్నెల్లు ఇంక్రిమెంటు ఆగింది. దానికి ఒక పేరుందని తెలుసుకోవడానికి నాకు డెబ్బయ్యేళ్ళు దాటాలి గాబోలు.

అన్నిటికంటె నన్ను ఆపేసిన మాట జీతానికి వాళ్ళు వాడేది. "లెంగ్" అంటే ధాన్యం, సైన్యానికీ నౌకరుకీ కొలిచే తిండిగింజలు. జీతం ఇవ్వడాన్ని ఇప్పటికీ "ధాన్యం బయటికి తీయడం" అంటారు. కంప్యూటరు మీద బ్యాంకులో పడే జీతమైనా సరే. మన "జీతం బత్తెం" అన్న జంటలో బత్తెం కూడా తిండికి కొలిచేదే గదా. పాలేరుకు ఏడాదికి ఇన్ని బస్తాలని ధాన్యం కొలిచిన రోజులు మనలో చాలామంది కళ్ళతో చూశాం. మరి పెన్షన్‌ను ఏమంటారు? "ఛెంగ్ లెంగ్", అంటే పొడుగు ధాన్యం. నెలనెలా కొలిచేది మామూలు ధాన్యం. పని ఆగిపోయినా ఆగకుండా చివరిదాకా కొలుస్తూనే ఉండేది పొడుగు ధాన్యం. నాకు ఈ మాట విన్న రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ముప్ఫయ్యారేళ్ళ సర్వీసులో పెన్షన్ పేపర్లు ఎన్ని వందలు తయారుచేశాను, ఎన్ని కమ్యుటేషన్ లెక్కలు వేశాను, ఇంత సూటి మాట ఒక్క జీవోలోనూ కనబడలేదు.

ఆ పొడుగు ధాన్యం అక్కడా పొట్టిదయింది. 2000 జూన్ 1 తరువాత కొత్త షరతులతో చేరిన హాంకాంగ్ ఉద్యోగులకు పెన్షన్ లేదు, ప్రావిడెంట్ ఫండ్ పద్ధతి పెట్టారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవాళ్ళను సి.పి.ఎస్. కిందికి తెచ్చారు. రెండు చోట్లా నాలుగేళ్ళ తేడాలో ఒకటే కథ. దాచుకున్నది తింటూ బతకడానికి వాళ్ళ దగ్గర ఇంకో మాట ఉంది, "విత్తనపు గింజలు తినడం". విత్తనాల గాదె తీసి వండుకుంటే వచ్చే ఏడు నాటడానికి ఏముంటుంది? మన పిల్లల తరం గురించి ఆలోచిస్తే నాకు ఈ మాటే గుర్తుకొస్తుంది. ఈ విషయం మీద మన రాష్ట్ర నాయకులు మాట్లాడతారు, నేను పొడిగించను. డెబ్బయ్యేళ్ళు దాటిన ముసలివాళ్ళకు అక్కడి ప్రభుత్వం నెలనెలా ఒక భత్యం ఇస్తుంది. 1973లో పెట్టారు. దాన్ని జనం "పళ్ళ డబ్బు" అంటారు, పళ్ళు కొనుక్కోవడానికి వస్తుందని. పేరులోనే దాని పరిమాణం తెలిసిపోతోంది.

సామెతల సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. "పక్కింటి అన్నం ఘుమఘుమ" అంటారు, అది మన పొరుగింటి పుల్లకూరే. తిన్న గిన్నెనే బోర్లించేవాడు అంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు. తిని కూర్చునేవాణ్ణి "బియ్యం కూరుకున్నవాడు" అంటారు. "ఉప్పు చేప తినగలిగినవాడు దాహమూ ఓర్చుకోవాలి" అన్నది మన "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడు" అన్నదానికి దగ్గరగా ఉంటుంది గాని, ఒకటి కాదు. మన మాట తప్పు చేసినవాడిని బెదిరిస్తుంది. వాళ్ళ మాట కావాలని పని నెత్తిన వేసుకున్నవాడిని ఓర్చుకోమంటుంది. నాకు వాళ్ళదే బాగుందనిపించింది. కుర్రవాళ్ళ మీద పెద్దవాళ్ళు విసిరేది "నువ్వు తిన్న బియ్యం కంటె నేను తిన్న ఉప్పు ఎక్కువ" అని. బి.పి. మాత్రలు మింగే మనం అంతమాట అనడానికి ముందు డాక్టరును అడగాలి.

మా పెద్దాయన విషయం కొంచెం చెప్పాలి. భార్య పోయింది. ఒక్కడే కొడుకు. 2021 జనవరి ఆఖరున ఇంగ్లండు ప్రభుత్వం హాంకాంగ్‌వాళ్ళకు ప్రత్యేక వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ దారిన ఎందరో వెళ్ళారు, అతనూ భార్యాబిడ్డలతో వెళ్ళిపోయాడు. ఆదివారం ఫోను చేస్తాడు. ఫోనులో గంటలకొద్దీ మాట్లాడడాన్ని వాళ్ళు "టెలిఫోను జావ కాయడం" అంటారు. జావ కాగడానికి ఎంతసేపు కలియబెట్టాలో అంతసేపు అన్నమాట. "జావ బాగానే కాగుతుంది, గిన్నెలోకి మాత్రం రాదు" అన్నాడాయన ఒకరోజు. ఫైళ్ళ ఇంగ్లీషులో అన్నాడు గనుక మొదట నాకు నవ్వొచ్చింది, తరువాత రాలేదు.

ఆయన రాత్రిపూట తినేది వీధి చివర కొట్లోంచి తెచ్చుకునే డబ్బా. "రెండు ఆదరువులు, ఒక అన్నం" అంటారు దాన్ని. గాజు అరల్లో ఇరవై రకాలు పేర్చి ఉంటాయి. రెండు చూపిస్తే అన్నం మీద వేసి ఇస్తాడు. చవక. కోవిడ్ రోజుల్లో హోటళ్ళు రాత్రిళ్ళు మూతబడ్డాక ఈ కొట్లు వీధివీధినా పుట్టుకొచ్చాయి. మనకు తెలియనిది కాదు, మన కర్రీ పాయింటే. ఇంట్లో కుక్కరులో గ్లాసుడు బియ్యం పడేసి, పాతికో ముప్ఫయ్యో పెట్టి పాలిథిన్ సంచీలో పప్పు, వేపుడు తెచ్చుకునేవాళ్ళు ఈ హాల్లో ఎందరున్నారో చేతులెత్తమని అడగను. సాయంత్రం ఏడింటికి మా వీధి కర్రీ పాయింట్ దగ్గర నిలబడితే మన సంఘం కోరం సరిపోతుంది. నేనూ అందులో ఒకణ్ణి.

ఆ పెద్దాయనకు మిగిలిన ఒకే ఒక సందడి పొద్దుటి పూట "యాం చా". మాటకు అర్థం "టీ తాగడం", కాని తాగేదానికంటె తినేది ఎక్కువ, మాట్లాడేది ఇంకా ఎక్కువ. మనం చాయ్ అంటున్నదీ ఈ "చా"నే, పర్షియా దారి పట్టి చుట్టుతిరిగి మన దాకా వచ్చింది. ముసలివాళ్ళ లెక్క "ఒక కప్పు, రెండు ముక్కలు". ఒక కప్పు టీ, ఆవిరి మీద ఉడికించిన తినుబండారాలు రెండు, ఒక పత్రిక. ఎవరైనా మన కప్పులో టీ పోస్తే రెండు వేళ్ళు మడిచి బల్ల మీద తట్టాలి, అది కృతజ్ఞత. మారువేషంలో తిరిగే చియెన్‌లుంగ్ చక్రవర్తి ఒకసారి తన సేవకులకు తానే టీ పోశాడని, సాష్టాంగపడితే గుట్టు బయటపడుతుంది గనుక వాళ్ళు వేళ్ళనే మోకాళ్ళుగా మడిచి మొక్కారని కథ. కూజా మూత తీసి పక్కకు పెడితే "ఇంకొంచెం వేడినీళ్ళు పోయండి" అని అర్థం. నోరు విప్పనక్కరలేదు. ఆయన నన్ను మొదటిసారి తీసుకువెళ్ళినప్పుడు అక్కడ నలుగురు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను సంకోచిస్తూ నిలబడితే వాళ్ళలో ఒకాయన ఏదో అన్నాడు, అందరూ జరిగారు. ఏమన్నాడని అడిగాను. "ఇంకో జత చాప్‌స్టిక్సే గదా" అన్నాడట. అనుకోకుండా మనిషి వస్తే వాళ్ళనే మాట అది. మన ఇళ్ళల్లో "ఇంకో విస్తరి వెయ్యండి" అనేవాళ్ళం. మా గోదావరి జిల్లాల్లో పదిమందికి వండిన ఇంట్లో పన్నెండోవాడు వచ్చినా ఆ మాటే. గ్లాసుడు బియ్యం వండే ఇళ్ళయ్యాక ఆ మాట వినబడడం తగ్గింది.

మరో నాలుగైదు రోజుల్లో, డిసెంబరు 21నో 22నో, వాళ్ళకు "శీతకాలం చేయడం" అనే పండుగ. ఏడాదిలో పగలు అతి చిన్నదైన రోజు. "శీతకాలం కొత్త సంవత్సరం కంటె పెద్దది" అని సామెత. గుడి పెద్దగా లేదు, ఊరేగింపు లేదు, ఇంటిల్లిపాదీ ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినడమే పండుగ. ఆఫీసులు కూడా పెందలాడే వదిలేస్తారు. నిరుడు ఆ రోజున మా పెద్దాయన మా అబ్బాయి ఇంట్లో మాతో కూర్చున్నాడు. మా కోడలు గోంగూర పప్పు చేసింది, ఆయన మాంసం వేయకుండా మొక్కజొన్న, క్యారెట్, వేరుశెనగ గింజలతో చారు కాచి మోసుకొచ్చాడు. మనవడు ఆయనను ముందు పిలిచాడు, నన్ను తరువాత. వయసులో పెద్ద గనుక. ఆయన గోంగూర రెండోసారి వేయించుకున్నాడు.

ఇక నా ప్రతిపాదన. మన రిజిస్టరు తిరగేస్తే సర్వీసు పెన్షనర్లలో భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్ళు, ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న అక్కయ్యలు, వదినలు ఎందరున్నారో కోశాధికారి గారికి తెలుసు. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో. లైఫ్ సర్టిఫికెట్ వేళ వాళ్ళు ఏడాదికొకసారి మనకు కనబడతారు. బతికి ఉన్నారా అని ట్రెజరీవాళ్ళు అడుగుతున్నారు. అన్నం తిన్నారా అని అడిగేవాళ్ళెవరు? నెలకొక ఆదివారం ఈ హాల్లో మధ్యాహ్నం కలిసి భోంచేద్దాం అంటున్నాను. అన్నం, పెరుగు సంఘం ఖర్చు. ఆదరువు ఎవరికి చేతనైనది వారు తేవాలి. కర్రీ పాయింట్ నుంచి తెచ్చినా సరే. చేయలేనివాళ్ళు ఊరికే రావాలి. నడవలేనివాళ్ళకు ఇంటికి క్యారేజీ పంపాలి, దానికి ఇద్దరు మనుషులు కావాలి.

కార్యవర్గంలో దీనికి అభ్యంతరం వచ్చిన సంగతి నాకు తెలుసు. డి.ఏ. బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు వదిలేసి వంటలేమిటి, ఇది హక్కుల సంఘం, అన్నసత్రం కాదు అన్నారు. ఆ మాట అన్నవాళ్ళు నాకు ముప్ఫయ్యేళ్ళ మిత్రులు, ధర్నాల్లో నా పక్కన ఎండలో కూర్చున్నవాళ్ళు. వారికి నేను చెప్పేదొక్కటే. గత ఏడాది మన సభ్యుడు ఒకాయన ఇంట్లో ఒంటరిగా పోతే రెండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. పాల ప్యాకెట్లు గుమ్మంలో ఉండిపోతే పాలబ్బాయి చెప్పాడు. ఆయన డి.ఏ. బకాయిల కోసం మనం రాసిన అర్జీ అప్పటికి ట్రెజరీలోనే ఉంది. అర్జీ రాయడం మానమని నేననడం లేదు. ఆ అర్జీ నేనే రాశాను, ఇకముందూ రాస్తాను. నెలకొకసారి ఒక విస్తరి ఖాళీగా కనిపిస్తే ఆ సాయంత్రమే వెళ్ళి తలుపు తట్టవచ్చునంటున్నాను.

సంక్రాంతి వెళ్ళాక వచ్చే ఆదివారంతో మొదలుపెడదామని కార్యదర్శి గారు ఒప్పుకున్నారు. మూడు నెలలు చూసి ఆపేయాలంటే ఆపేద్దాం. బియ్యం లెక్క నేను వేసి ఇచ్చాను, మనిషికి నూట యాభై గ్రాముల చొప్పున. షుగరున్నవాళ్ళకు వేరే కొర్రన్నం వండాలని మా వదినగారు ఒకరు సూచించారు, అదీ చేర్చాను. వచ్చేవాళ్ళు పేర్లు, క్యారేజీ కావలసినవాళ్ళ చిరునామాలు కోశాధికారి గారి దగ్గర ఈ రోజే రాయించండి. క్యారేజీలు మోయడానికి ఇద్దరు కావాలన్నాను గదా, ఒక పేరు నాది రాసేశాను. రెండోది ఖాళీగా ఉంది. ఆ రోజుకు నేను బీరకాయ పచ్చడి తెస్తాను. సెలవు.